తల్లి చనిపోతే ఎవరో పరాయి మనిషి పోయినట్టు అనిపించిందట! డగ్లస్ ఆత్మకథ చదివినవాళ్ళు ఉన్నారా?

గోదారిగట్టు
రెండు వారాలుగా ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ చదువుతున్నాను. బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వం మీద పోరాడిన అమెరికా నల్లజాతి నాయకుడు. 1845లో అచ్చయిన మొదటిది, చిన్న పుస్తకమే. రాత్రి భోజనాలయ్యాక నేను ఒక్కో పేజీ తెలుగులో చెబుతుంటే మా అమ్మాయి వింటోంది, ఎనిమిదో తరగతి. మొదటి అధ్యాయంలోనే ఇరుక్కుపోయాం.

పుట్టింది అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలో టకహో అనే చోట. పసిగుడ్డుగా ఉండగానే తల్లి హ్యారియట్ బెయిలీ నుంచి విడదీశారు. పిల్లాడు అమ్మమ్మ దగ్గర, తల్లి పన్నెండు మైళ్ళ అవతల ఇంకొకరి పొలంలో. మొత్తం మీద ఆమెను నాలుగైదు సార్లు చూశాడట, అన్నీ రాత్రిళ్ళే, పొలం పని అయ్యాక ఆమె నడిచి వచ్చినప్పుడు. ఏడేళ్ళప్పుడు ఆమె పోయింది. ఆ కబురు తెలిస్తే ముక్కూమొహం తెలియని మనిషెవరో పోయారంటే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉందని రాసుకున్నాడు.

మా అమ్మాయి "అదేంటి, ఏడవలేదా?" అంది. నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ కొంచెం కోపం వచ్చింది. ఉపన్యాసాలతో వేల మందిని కదిలించిన మనిషి కన్నతల్లి గురించి ఇంత పొడిగా రాస్తాడా?

చింతచిగురు
ఏడు తరాలు, అదే అమెరికా బానిసల నవల, చదివి వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు నేను. ఇది చదివే ధైర్యం లేదు. ఓ మూల కూర్చుని వింటాను.

అడ్డగాడిద99
ఎనిమిదో తరగతి పిల్లకి రాత్రిపూట బానిసత్వం కథలా! మా నాన్న నాకు తెనాలి రామకృష్ణ చెప్పేవాడండీ.

పాతపుస్తకం
గోదారిగట్టు గారూ, ఆ వాక్యం పట్టుకున్నారు గానీ దాని పైన పేరా వదిలేసినట్టున్నారు. ఆ ప్రాంతంలో పిల్లకు ఏడాది నిండకముందే తల్లిని వేరే పొలానికి పంపి, బిడ్డను పనికి పనికిరాని ముసలామె చేతిలో పెట్టడం మామూలేనని చెబుతాడు. ఎందుకిలా చేస్తారో నాకు తెలియదు, బిడ్డకు తల్లి మీద ప్రేమ పెరగకుండా, తల్లికి బిడ్డ మీద ఉన్నది మొద్దుబారిపోవడానికి కాకపోతే, అంటాడు. తర్వాత పేరాలో తన సంగతి. అంటే ఆ పొడి వాక్యం సాక్ష్యం. మీరు ఏం చేయాలనుకున్నారో అది నా మీద పనిచేసింది, చూసుకోండి అంటున్నాడు. మీకు కోపం రావాల్సిందే. కాకపోతే అడ్రసు తప్పింది.

ఇంకో సంగతి. జబ్బు చేసినప్పుడు గానీ, పోయినప్పుడు గానీ, పాతిపెట్టినప్పుడు గానీ వాణ్ణి దగ్గరికి పోనివ్వలేదు. ఆమె పోయిన చాలా రోజులకు తెలిసింది.

గోదారిగట్టు
పైన పేరా చదివాను సార్. చదివినా ఆ వాక్యం దగ్గర మనసు ఒప్పుకోలేదు. పిల్లాడికి అప్పుడు ఏడుపు రాకపోతే రాకపోవచ్చు. రాస్తున్నవాడికి ఇరవై ఏడేళ్ళు కదా.

లెక్కలమాస్టారు
ఇరవై ఏడని మీకు తెలుసు, ఆయనకు కచ్చితంగా తెలియదు! పుస్తకం మొదలే అది. తన వయసు సరిగ్గా ఎంతో తనకు తెలియదు, అంచనాయే అంటాడు. బానిసల్లో పుట్టినరోజు చెప్పగలిగినవాణ్ణి చూడలేదట. నాట్ల కాలం, కోతల కాలం, చెర్రీలు కాసే కాలం, అంతకంటే దగ్గరగా ఎవరూ చెప్పలేకపోయేవారట.

మా నాన్న పుట్టింది "పెద్ద గాలివాన వచ్చిన ఏడు, ఆవకాయ పెట్టే రోజుల్లో". నా సర్టిఫికెట్లో జూలై 1. మా బడిలో సగం మందికి జూలై 1. హెడ్మాస్టరు గారు కన్న సంతానం మేమంతా.

అడ్డగాడిద99
నాది జూన్ 10. మా హెడ్మాస్టరు కాస్త వెరైటీ కోరుకున్నాడు.

నల్లరేగడి
మాస్టారూ, నవ్వు వచ్చింది గానీ రెండూ ఒకటి కాదు. మనవాళ్ళకు తేదీ తెలియలేదు, ఎవరూ దాచలేదు. అక్కడ తెల్ల పిల్లలందరికీ వాళ్ళ వయసు తెలుసు. వీడికి మాత్రం తెలియకూడదు. యజమానిని అడిగే వీలే లేదు, అడిగితే పొగరు కింద లెక్క. గుర్రాలకు వాటి వయసు ఎంత తెలుసో మాకూ అంతే అని ఆయనే రాశాడు.

పాతపుస్తకం
దీనికి ఒక తోక ఉంది. 1877లో డగ్లస్ పెద్దమనిషి అయ్యాక, మంచం పట్టి ఉన్న పాత యజమాని థామస్ ఆల్డ్‌ను సెయింట్ మైకేల్స్ వెళ్ళి చూశాడు. అక్కడ కూడా అడిగిన వాటిలో ఒకటి ఇదే: నేను ఎప్పుడు పుట్టాను? 1818 ఫిబ్రవరి అయి ఉంటుందని ఆయన చెప్పాడు. ఆ తర్వాత చరిత్రకారులకు మొదటి యజమాని ఆంథనీ రాసుకున్న లెక్కల పుస్తకం దొరికింది, అందులోనూ 1818 ఫిబ్రవరే. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, ఊరంతా తెలిసిన మనిషి, వయసు కోసం తనను సొంత ఆస్తిగా పెట్టుకున్నవాణ్ణి అడగాల్సి వచ్చింది.

చింతచిగురు
పిల్లల తిండి ఎలా ఉండేదో రాశాడా? అదొక్కటి చెప్పండి, మళ్ళీ మూలకి పోతాను.

నల్లరేగడి
రాశాడు. మక్కపిండి ముతకగా ఉడికించి పెట్టేవారు. ఇంగ్లీషులో మష్ అంటాడు. మా వైపు వాళ్ళకు వివరించక్కర్లేదు, మక్క గటక అంతే. అది గిన్నెల్లో కాదు, పెద్ద చెక్క తొట్టిలో పోసి నేల మీద పెట్టేవారు. పందుల్ని పిలిచినట్టు పిల్లల్ని పిలిస్తే అందరూ ఉరికి వచ్చి మీద పడేవారు. కొందరి చేతిలో ఆల్చిప్ప, కొందరి చేతిలో చెక్కపెంకు, కొందరివి ఉత్త చేతులు. చెంచా ఒక్కడికీ లేదు. ఎవడు గబగబా తింటే వాడికి ఎక్కువ, బలమున్నోడికి మంచి చోటు. కడుపు నిండి లేచినవాళ్ళు తక్కువే.

మా తాత ఎనిమిదేళ్ళకు జీతానికి కుదిరాడు. బర్లు కాసేది. ఆయనకూ గటకే, దొర ఇంటి వెనక గోడ పక్కన, విడిగా పెట్టిన సత్తు గిన్నెలో. ఆ గిన్నె ఆయనే కడిగి సూరులో చెక్కేది. ఈ తొట్టి సంగతి చదివినప్పుడు నాకు ఆ గిన్నె కళ్ళ ముందుకు వచ్చింది.

అనుమానం_అప్పారావు
ప్రతిదానికీ మన పాలేరు, మన జీతగాడు అంటూ తేవడం ఎందుకు? జీతం కష్టమే, కాదనను. అమెరికా బానిసత్వం వేరు. పోలిక తెస్తే రెండూ పలచబడిపోతాయి.

నల్లరేగడి
రెండూ ఒకటే అని నేను ఎక్కడన్నాను? మా తాతను ఎవరూ వేలం వేయలేదు. నాన్న అప్పు కింద పోయాడు, రాత్రి ఇంటికి వచ్చి వాళ్ళమ్మ పక్కన పడుకున్నాడు. డగ్లస్‌కు ఆ రాత్రి లేదు. తేడా నాకు మీకంటే బాగానే తెలుసు అన్నా. గిన్నె గుర్తొచ్చింది, అది చెప్పాను.

పాతపుస్తకం
అప్పారావు గారు చెప్పిన తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, యజమాని పోయాక ఆస్తి పంపకాలప్పుడు. అప్పటికే బాల్టిమోర్ నగరానికి పంపేసిన తొమ్మిది పదేళ్ళ డగ్లస్‌ను వెనక్కి రప్పించి వెలకట్టారు. గుర్రాలు, గొర్రెలు, పందులు, మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ ఒకే వరసలో. ముసలివాళ్ళకూ కుర్రాళ్ళకూ ఒకే రకం తనిఖీ. నా పాయింటు అదీ. జీతగాడి కథలో ఇది ఉండదు.

అలాగని పోలికే కూడదంటే ఒప్పుకోను. జోతిరావు ఫూలే 1873లో గులాంగిరీ రాసి, నీగ్రో బానిసల విముక్తి కోసం నిలబడ్డ అమెరికా మంచి మనుషులకు అంకితం ఇచ్చాడు. ఆ పోలిక నూట యాభై ఏళ్ళ కిందటే మన దేశంలో వచ్చింది, చింతపండు ధర పెరిగినప్పుడు కాదు.

అడ్డగాడిద99
చింతపండు ఎక్కడినుంచి వచ్చింది సార్ మధ్యలో?

పాతపుస్తకం
చింతచిగురు గారు మూల కూర్చున్నారుగా, అలా వచ్చింది.

మేరీలాండ్_మామ
ఇప్పుడే చూశాను ఈ చర్చ. నేను ఉండేది బాల్టిమోర్ దగ్గర. బే బ్రిడ్జి దాటి అవతలి ఒడ్డుకు వెళ్తే ఈస్టన్ ఊరు వస్తుంది, అక్కడి కోర్టు ముందు చెయ్యి పైకెత్తి మాట్లాడుతున్న డగ్లస్ విగ్రహం ఉంది, 2011లో పెట్టారు. అదే ఆవరణలో బానిసత్వం పక్షాన యుద్ధం చేసిన స్థానిక సైనికుల స్మారకం కూడా ఉండేది. 2022 దాకా రెండూ ఒకే గడ్డి మీద! తర్వాత దాన్ని తీసేశారు.

ఊరు దాటితే అంతా చదునైన నేల. మొక్కజొన్న, సోయా, మధ్యలో వాగులు. మన కోనసీమకు కొబ్బరిచెట్లు పీకేసినట్టు ఉంటుంది. డగ్లస్ ఆరేళ్ళప్పుడు చేరిన లాయిడ్ దొర బంగ్లా, వై హౌస్, ఇప్పటికీ ఉంది, ఆ కుటుంబం వాళ్ళ చేతిలోనే. లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర కారు ఆపి చూసి వచ్చాను.

లెక్కలమాస్టారు
మామగారూ, మీరు ఉన్నారు కాబట్టి ఒకటి తేల్చండి. తల్లి రాత్రిపూట నడిచి వచ్చేదన్నారు కదా, పన్నెండు మైళ్ళు. అంటే పందొమ్మిది కిలోమీటర్ల పైన. నేను పోయినేడు అరుణాచలం గిరి ప్రదక్షిణ చేశాను, అది 14. టీలు తాగుతూ, అక్కడక్కడా కూర్చుంటూ నాకు నాలుగున్నర గంటలు. మర్నాడు మంచం దిగలేదు. ఈమె రోజంతా పొలం పని చేసి, ఆపైన ఇంత దూరం వచ్చి, తిరిగి వెళ్ళాలి. మొత్తం ముప్పై ఎనిమిది పైనే. తెల్లారేసరికి పొలంలో లేకపోతే కొరడా, యజమాని ముందే అనుమతిస్తే తప్ప.

చురుగ్గా నడిచినా పోనూ రానూ ఎనిమిది గంటలు. అక్కడ రాత్రి ఎంతసేపు ఉంటుంది?

మేరీలాండ్_మామ
జూన్‌లో తొమ్మిదిన్నర గంటలు కూడా ఉండదు మాస్టారూ. చలికాలంలో పద్నాలుగు పైనే ఉంటుంది గానీ అప్పుడు నేల గడ్డకట్టి ఉంటుంది. వీధి దీపాలు లేని కాలం, మధ్యలో వాగులు.

లెక్కలమాస్టారు
అయితే ఎండాకాలంలో ఆమెకు బిడ్డ పక్కన మిగిలేది గంట. మహా అయితే గంటన్నర.

చింతచిగురు
మూలకి పోయాను.

గోదారిగట్టు
మాస్టారూ ఈ లెక్క నేను వేసుకోలేదు. పగటి వెలుతురులో ఆమెను చూసిన గుర్తు లేదని రాశాడు కదా. పక్కన పడుకుని నిద్రపుచ్చేదట, మెలకువ వచ్చేసరికి ఉండేది కాదట. దాన్ని నేను ఏదో కవిత్వంగా చదివాను.

అనుమానం_అప్పారావు
కవిత్వం సంగతి వచ్చింది కాబట్టి నా అనుమానం కూడా పెడతాను. ఇది బానిసత్వ వ్యతిరేక ఉద్యమం వాళ్ళు వేయించిన పుస్తకం. ముందుమాట ఆ ఉద్యమ నాయకుడు గారిసన్‌ది. జనానికి కన్నీళ్ళు తెప్పించడం దాని పని. అమ్మమ్మను ముసలితనంలో అడవిలో గుడిసె వేసి ఒంటరిగా చావమని వదిలేశారని రాశాడు. తర్వాత థామస్ ఆల్డ్ ఆమెను తన ఇంటికి తెచ్చి చూసుకున్నాడని తెలిసి, 1849లో తన పత్రికలోనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఒకటి తప్పయితే మిగతావి ఎలా నమ్మాలి?

పాతపుస్తకం
మీరే జవాబు చెప్పేశారు. తప్పని తెలిశాక తన పత్రికలో, అదీ తనను బానిసగా ఉంచుకున్నవాడి పేరు మీదే ఉత్తరం రాసి దిద్దుకున్న రచయితను ఇంకొకరిని చూపించండి.

నమ్మకం సంగతికి వస్తే ఇంకా తమాషా ఉంది. పుస్తకం రాగానే 1845లోనే ఆ ప్రాంతపు తెల్లాయన థాంప్సన్ ఇదంతా అబద్ధమని పేపరుకు రాశాడు. నాకు ఆ ఫ్రెడరిక్ బెయిలీ (డగ్లస్ పాత పేరు) తెలుసు, చదువు రాని మామూలు మనిషి, వాడు ఈ పుస్తకం రాయలేడు అన్నాడు. అప్పటిదాకా కొందరు అసలు ఇతను బానిసగా ఉన్నాడంటేనే నమ్మలేదు, అంత బాగా మాట్లాడేవాడు. డగ్లస్ అతనికి బహిరంగంగా థ్యాంక్స్ చెప్పాడు. నేను అక్కడ బానిసగా ఉన్నానని మీరే సాక్ష్యం ఇచ్చారు, చాలా సంతోషం అని!

అడ్డగాడిద99
వంద లైకులు ఈ డగ్లస్‌కి.

రాయచోటి_రాణి
రెండు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటా ఉన్నా. గోదారిగట్టు అన్నా, మీ పాప అడిగిందానికి నాకు తెలిసింది చెప్తాను.

నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ కువైట్‌కి ఇంట్లో పనికి పోయింది. మా అవ్వ సాకింది నన్ను. ఆదివారం ఎస్టీడీ బూత్‌కి ఫోన్ వస్తే అవ్వ రిసీవర్ నా చెవికి పెట్టి "అమ్మా అను" అనేది. అనేదాన్ని. ఆ గొంతు ఎవరిదో నాకు పట్టేది కాదు. నా ధ్యాసంతా బూత్‌లో ఎర్ర నంబర్లు తిరిగే మీటర్ మీద. పదేళ్ళప్పుడు వచ్చింది. వాకిట్లో జీపు దిగి, చేతిలో టాంగ్ డబ్బా, ఏదో సెంటు వాసన. నేను లోపలికి ఉరికి "అవ్వా, ఎవరో వచ్చినారు" అన్నాను.

ఆ పొద్దు ఆమెకేమన్నా అయ్యుంటే నాకు ఏడుపు వచ్చేది కాదు. అవ్వకు అయ్యుంటే చచ్చిపోయేదాన్ని. బిడ్డకి ప్రేమ పుట్టుకతో ఉండదన్నా. తలకి నూనె పెట్టిన చేతికి పోతుంది అది.

మా అమ్మ ఇప్పటికీ "ఎవరో వచ్చినారు అనిందిరా ఇది" అని చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. నవ్వి ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి పోతుంది.

ఇది బానిసత్వం అంటలేదు. అప్పారావు అన్న తగులుకోవద్దు.

అనుమానం_అప్పారావు
తగులుకోను తల్లీ.

గోదారిగట్టు
రాణీ, ఏం రాయాలో తెలియడం లేదు. నీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను.

నల్లరేగడి
అన్నట్టు డగ్లస్ కూడా అదే అన్నాడు రాణక్కా. బాల్టిమోర్‌కు పంపుతున్నామంటే ఎగిరి గంతేశాడు. అందరూ ఇల్లు విడిచేటప్పుడు ఏడుస్తారు, నాకు ఇల్లే లేదు, విడవడానికేముంది అంటాడు. అక్కలు, అన్న ఒకే చోట ఉన్నా తోబుట్టువులనే సంగతి మనసుకు అందలేదట. మూడు రోజులు వాగులో కూర్చుని ఒళ్ళు తోముకున్నాడు, శుభ్రంగా ఉంటే ప్యాంటు ఇస్తామన్నారని. అప్పటిదాకా ఏడాదికి రెండు ముతక చొక్కాలు. అవి చిరిగితే మళ్ళీ పంచే దాకా బరిబాతలే, ఆడపిల్లలైనా మగపిల్లలైనా.

మేరీలాండ్_మామ
ఇక్కడి చలి మీకు తెలియదు. జనవరిలో కారు దాకా వెళ్ళేసరికి చెవులు ఊడిపోతాయి నాకు.

నల్లరేగడి
అదే చెప్పబోతున్నా మామా. పడుకోవడానికి పక్క కూడా లేదు. మక్కలు మిల్లుకు మోసే గోనెసంచి దొంగిలించి, తల లోపల, కాళ్ళు బయట పెట్టి మట్టి నేల మీద పడుకునేవాడట. చలికి పాదాలు ఎంత పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ కలం ఆ పగుళ్ళలో పట్టేదంటాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి నా పెన్ను తీసి చూశాను.

గోదారిగట్టు
ఇంకో సలహా కావాలి. కెప్టెన్ ఆంథనీ హెస్టర్ పిన్నిని కట్టేసి కొట్టే ఘట్టం ఉంది. అమ్మాయికి చెప్పకుండా దాటేశాను. తప్పా?

చింతచిగురు
దాటేయండి. పదమూడేళ్ళ పిల్ల.

పాతపుస్తకం
అది చూసి భయంతో అల్మారాలో దాక్కున్నవాడికి అప్పుడు ఆరేడేళ్ళు. నన్నడిగితే చెప్పండి, కొరడా లెక్కలు వద్దు, అల్మారా లోపలినుంచి చెప్పండి. మీ అమ్మాయి, మీ ఇష్టం.

ఇక అసలు సంగతి, ఇది మొదట్లోనే చెప్పాల్సింది. 1855లో ఆయన రెండో ఆత్మకథ రాశాడు, దీనికి మూడు నాలుగింతలు ఉంటుంది. అందులో తల్లి మళ్ళీ వస్తుంది. వంటింటి పెత్తనం చేసే కేటీ అనే ఆమెకు వీడంటే కోపం, ఒకరోజు తిండి ఆపేసింది. పొద్దుపోయాక వీడు ఎండిన మక్కగింజలు నాలుగు దొంగతనంగా బూడిదలో వేయించుకుని తినబోతుంటే తల్లి వచ్చింది. కేటీని కడిగేసి, పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెద్ద అల్లం కేకు చేతిలో పెట్టింది. ఆ ఒళ్ళో నేను సింహాసనం మీది రాజు కంటే గొప్పవాణ్ణి అంటాడు. ఆ రాత్రే నేను ఉత్త పిల్లాణ్ణి కాదు, ఒకరి బిడ్డను అని తెలిసిందట. నిద్రపోయాడు. లేచేసరికి ఆమె లేదు, మళ్ళీ కేటీ పెత్తనమే.

అనుమానం_అప్పారావు
చూశారా! పదేళ్ళ తర్వాత కేకు వచ్చింది. 1845లో ఎందుకు లేదు?

పాతపుస్తకం
మొదటిది రాసేటప్పుడు చట్టం ప్రకారం ఇంకా పారిపోయిన బానిసే. యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లు రాసి పట్టుబడే ప్రమాదం తెచ్చుకుని ఇంగ్లండు వెళ్ళిపోయాడు. అక్కడి స్నేహితులు 1846లో డబ్బు కట్టి విడిపించారు. రెండోది రాసేనాటికి తన పత్రిక, తన ఇల్లు ఉన్నాయి, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. పిల్లలు కళ్ళ ముందు పెరుగుతుంటే కొన్ని గుర్తొస్తాయి. ఇది నా ఊహ, ఆయన మాట కాదు. పైగా తల్లి చనిపోతే పెద్దగా దుఃఖం కలగలేదన్న మాటను రెండో పుస్తకంలోనూ చెరిపేయలేదు. ఆమెను సరిగ్గా తెలుసుకోలేకపోవడం మాత్రం జీవితాంతం బాధగా మిగిలిందని దాని పక్కన చేర్చాడు.

ఆమెకు చదవడం వచ్చని కూడా ఆమె పోయాక ఎవరో చెబితే తెలిసింది. టకహోలో బానిసల్లో చదువు వచ్చినది ఆమె ఒక్కతేనట. కొడుక్కి ఆ ఒక్క గంటలో ఆ సంగతి చెప్పే తీరిక ఎక్కడిది?

గోదారిగట్టు
నిన్న రాత్రి రెండో పుస్తకంలో ఆ ఘట్టం వెతికి అమ్మాయికి చెప్పాను. మాస్టారి లెక్క కూడా చెప్పాను, తను మళ్ళీ కాగితం మీద వేసుకుని చూసుకుంది. రాణి వాళ్ళమ్మ సంగతి అడిగి అడిగి చెప్పించుకుంది. ఏడవలేదా అనే ప్రశ్న మళ్ళీ రాలేదు. ఇప్పుడు కొత్తది పట్టుకుంది: అంత దూరం చీకట్లో నడుస్తూ ఆ కేకు విరక్కుండా ఎలా తెచ్చింది?

మేరీలాండ్_మామ
ఇక్కడ క్రిస్మస్‌కి అమ్ముతారు. గట్టిదైతే విరగదు, మెత్తదైతే పొడిపొడి అవుతుంది.

లెక్కలమాస్టారు
దీనికి లెక్క లేదమ్మా.

రాయచోటి_రాణి
కొంగులో మూట కట్టుకుని ఉంటుంది.

అడ్డగాడిద99
వాళ్ళకు కొంగెక్కడిదక్కా?

రాయచోటి_రాణి
ఏప్రన్ అనుకో నాయనా.